పాము ఇంట్లో ఉన్ని చెప్పు

పాము పాకడం మానేసింది. రాదిమ్ పాకులాడటం మొదలుపెట్టాడు.

"తిందా?" వంటింట్లోంచి అడిగింది భార్య మిలాడా.

"ముట్టలేదు."

జంతువుల శరణాలయం నుంచి తెచ్చుకున్న నాటి నుంచీ ఇదే తంతు. ఎలుక పెడితే మొహం తిప్పుకుంటుంది. పొద్దస్తమానం ఒకే మూల పడి ముక్కును అద్దానికేసి రాస్తుంది. ఇవాళ శరణాలయం మనిషి తనిఖీకి వస్తారు. పాము తినడం లేదని తెలిస్తే వెనక్కి పట్టుకుపోతారు. అప్పటిదాకా అది బతికుంటే!

పోనీ దాని ఇల్లు బాగోలేదా అంటే, స్నానాల గదులకు పలకలు పరిచే రాదిమ్ తన పనితనమంతా దాంట్లోనే పరిచాడు. నాలుగు వైపులా అద్దం, కింద తెల్లటి చలవరాయి, పైన నీలం దీపాలు. ఓలోమౌత్స్ ఊరు మొత్తంలో ఇంత అందమైన పాము ఇల్లు లేదని పక్కింటివాళ్లు కూడా ఒప్పుకున్నారు.

గంట మోగింది.

గుమ్మంలో ఓ ముసలాయన. బూట్లు విప్పి, సంచిలోంచి తన ఉన్ని చెప్పులు తీసి తొడుక్కున్నాడు. బాగా అరిగినవి. ముందుభాగం చిన్న గుహలా మూసుకుని ఉంది.

"పామును చూద్దామని వచ్చాను, బాబూ."

తనిఖీ మనిషే! రాదిమ్ ఎదురెళ్లాడు.

"రండి రండి! మిలాడా, కాఫీ! గసగసాల బన్నులు కూడా!"

ముసలాయన అద్దానికి మొహం ఆనించి, అరచేత్తో తడుముతూ చుట్టూ తిరిగాడు. ఆ చెయ్యి ఆగిన చోటికి పాము మెల్లగా వచ్చింది. రాదిమ్ కంటికి మాత్రం అద్దం మీది మరకలే కనిపించాయి.

"దీపాలెలా ఉన్నాయండీ?"

"వెచ్చగా ఉన్నాయి. తల దాచుకునే చోటేదీ?"

"దాచుకోవడమెందుకండీ? అందరికీ కనపడాలనేగా ఇంత కష్టపడింది!"

"భయపడుతోంది బాబూ. దానికి కాస్త చీకటి కావాలి, ఇరుకు కావాలి. ఇది పెట్టి చూడు." కాలి చెప్పు ఒకటి తీసి చాపాడు.

"చలవరాతి మేడలో చిరుగు చెప్పా! మీ శరణాలయంలో ఇదేనా నేర్పేది?"

"నేను అక్కడి ఉద్యోగిని కాదు."

రాదిమ్ బన్నుల పళ్లెం వెనక్కి లాక్కున్నాడు. పాము కొట్టని బుస తనే కొట్టాడు.

"మరెందుకొచ్చినట్టు? ఇక్కడ ప్రాణాలు పోతుంటే వినోదమా? దయచెయ్యండి పెద్దాయనా!"

ముసలాయన గోడ పట్టుకుని వెళ్లి, తడుముకుంటూ బూట్లు తొడుక్కున్నాడు. చెప్పు ఒకటే సంచిలో వేసుకున్నాడు. రెండోది పాము ఇంటి పక్కనే ఉండిపోయింది.

రాదిమ్ దాన్ని చెత్తబుట్టలో పడేశాడు. మిలాడా తీసి, దులిపి, పాము ముందు పెట్టింది.

"వచ్చేవాళ్లు నవ్వుతారే!"

"నవ్వనీ. నీ అందానికి దాన్ని బలివ్వమంటావా?"

పాము నాలుక ఆడించింది. చెప్పు చుట్టూ తిరిగింది. లోపలికి దూరి, చుట్టలు చుట్టుకుని మాయమైంది.

సాయంత్రానికి ముక్కు బయటపెట్టి, ఎలుకను అందుకుంది.

అప్పుడే వచ్చింది శరణాలయం అమ్మాయి. దీపాలను చూడలేదు, చలవరాతిని చూడలేదు. చెప్పు దగ్గరే ఆగిపోయింది.

"ఈ చెప్పులాయన వచ్చాడా?"

"వచ్చాడమ్మా, నేనే తరిమేశాను," అన్నాడు రాదిమ్. "ఎక్కడుంటాడో చెప్పు, ఇప్పుడే వెళ్లి తీసుకొస్తాను."

"లేడండీ. మధ్యాహ్నం రైల్లో చెల్లెలి ఊరికి వెళ్లిపోయాడు. ఇక రాడు."

"ఎవరమ్మా ఆయన?"

"గుడ్డు పగిలిన రోజు నుంచీ ఈ పామును పెంచినాయన, కళ్లు ఆనక మాకప్పగించి, ఊరు వదిలే ముందు ఒక్కసారి చూసొస్తానంటే, మీ అడ్రసు నేనే ఇచ్చాను."