గొడుగు తాత

"ముసలాయన మళ్ళీ వచ్చాడు మేడం" అన్నాడు గార్డు.

టోకెన్ మేడం తలెత్తి చూసింది.

అదే బల్ల. అదే చివర. అద్దం తలుపుకు సరిగ్గా ఎదురుగా. చినుకు లేకపోయినా చేతిలో నల్ల గొడుగు ఉండాల్సిందే. అందుకే ఆఫీసంతా ఆయన్ని గొడుగు తాత అనేది.

వేరే దేశం నుంచి వలస వచ్చినవాళ్ళ కోసం పురపాలక సంఘం ఈ సహాయ కేంద్రం తెరిచి ఎన్నాళ్ళో కాలేదు. చిరునామా నమోదు, పిల్లల బడి, ఆసుపత్రి కార్డు, అన్నీ ఒక్క కిటికీ దగ్గరే. మొదట్లో ఆ కిటికీలో కూర్చుని ఈగలు తోలుకున్న టోకెన్ మేడంకు ఇప్పుడు మంచినీళ్ళు తాగే తీరిక లేదు.

"నీ నవ్వు మొహం చూసే వస్తున్నారమ్మా" అన్నారు పెద్దసారు.

ఆ రోజునుంచి ఆవిడ కాళ్ళు నేలమీద ఆనడం లేదు.

గొడుగు తాత మాత్రం టోకెన్ తీసుకోడు. పని ఉందనడు. పొద్దున్నే వచ్చి కూర్చుంటే ఆఫీసు మూసేదాకా కదలడు.

"ఎండ పడుతోంది పెద్దాయనా, ఆ మూల ఫ్యాను కింద కూర్చోండి" అందోసారి.

ఆయన నవ్వి తల అడ్డంగా ఊపాడు. గొడుగు పట్టుకున్న చేతులు గడగడ వణుకుతున్నాయి.

"పొద్దున్నే రెండు చుక్కలు వేసుకొచ్చినట్టున్నాడు" అన్నాడు గార్డు.

ఆవిడ కిసుక్కున నవ్వింది.

ఇంతలో పెద్దసారు అందరినీ పిలిచి హెచ్చరించారు. "మన కేంద్రం చుట్టూ దళారులు తిరుగుతున్నారట. పేపర్లో ఒక్క ఫొటో పడిందంటే కొంప మునుగుతుంది. కనిపెట్టి ఉండండి."

ఆ మధ్యాహ్నమే ఒక తల్లి చిన్న కూతురితో వచ్చింది. పాపకు బడిలో సీటు కోసం టోకెన్ మేడం ఎంతమందినో బతిమాలింది.

"సీటు వచ్చేసిందమ్మా! కాగితాలు రేపు చేతికొస్తాయి. శుక్రవారంలోగా వచ్చి సంతకం పెట్టు. ఆలస్యమైతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు" అంది.

ఆ తల్లి కళ్ళు తుడుచుకుంది. వెళ్తూ వెళ్తూ గొడుగు తాత చేతిలో గుట్టుగా ఒక పొట్లం పెట్టింది. ఆయన జేబులో వేసుకున్నాడు.

"చూశారా మేడం? మామూళ్ళు!" అన్నాడు గార్డు.

టోకెన్ మేడంకు ఒళ్ళు మండింది. ఇలాంటి పేద తల్లి దగ్గర కూడా పుచ్చుకుంటున్నాడా!

మర్నాడు తాత వచ్చి కూర్చోగానే "బయటికి పంపించెయ్" అంది.

గార్డు రెక్క పట్టుకుని లేపాడు. గొడుగు జారి బల్ల కిందికి పోయింది. దానికోసం వంగబోతే గార్డు వంగనివ్వలేదు.

తలుపు అవతల నిలబడి, అద్దంలోంచి బల్ల కిందికి వేలు చూపిస్తూ ఆయన బతిమాలుతున్నాడు.

టోకెన్ మేడం లేచి వెళ్ళి తెర లాగేసింది.

మర్నాడు ఒక్కరూ రాలేదు. ఆ మర్నాడూ అంతే. శుక్రవారం మధ్యాహ్నమైనా పాప తల్లి జాడ లేదు.

ఇక ఉండబట్టలేక కాగితాలు పట్టుకుని తనే బయల్దేరింది. ఎవరికైనా ఇస్తే తాతకు చేరుస్తారని గొడుగు కూడా తీసుకుంది.

మిల్లు వెనక వలసవాళ్ళుండే ఇరుకు సందు. ఆవిడ్ని చూడగానే తలుపులన్నీ మూసుకున్నాయి. పాప తల్లి మాత్రం కిటికీ ఓరగా తెరిచింది.

"ఏమైందమ్మా? ఇవాళే ఆఖరు. సీటు పోతుంది!"

"పోనీ అక్కా. పాప నాకు మిగిలితే చాలు."

"అదేం మాట? నన్ను చూస్తే భయమా?"

"నువ్వు మంచిదానివే. మా దేశంలో కూడా నవ్వుతూనే పిలిచేవాళ్ళు. ఆఫీసులోకి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేవాళ్ళు కాదు. అందుకే ఇక్కడ మాలో ఎవరమూ మీ గడప తొక్కలేదు. అప్పుడు తాత అన్నాడు, 'రోజూ నేను ముందు పోయి కూర్చుంటా. రోడ్డుమీంచి చూడండి. నేను క్షేమంగా కనబడితేనే లోపలికి రండి' అని."

టోకెన్ మేడంకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ బల్ల, ఆ చివర, అద్దం తలుపుకు ఎదురుగా.

"మరి ఆ పొట్లం?"

"రొట్టె అక్కా. మావాళ్ళలో ఆఖరి మనిషి బయటికొచ్చేదాకా లేవడు కదా, ఇంకెప్పుడు తింటాడు? మర్నాడు సంతకానికని పాపతో వచ్చి రోడ్డవతల నుంచున్నా. ఆయన్ని ఈడ్చేయడం చూశాం."

"తప్పు నాదేనమ్మా. ఆయన కాళ్ళమీద పడతాను. ఎక్కడున్నాడు?"

"ఆ సాయంత్రమే వెళ్ళిపోయాడు. తనకోసం వచ్చి మమ్మల్ని పట్టుకుంటారని భయపడ్డాడు. ఎక్కడికో చెప్పలేదు."

"భయమా? రోజూ అంత ధైర్యంగా కూర్చునేవాడే!"

"ఆ చేతులు చూడలేదా అక్కా?"

చూసింది. చూసి నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చి ఆవిడకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"నువ్వు ఆఫీసుకి రావద్దులే తల్లీ. కాగితం ఇక్కడికే తెచ్చాను. ఒక్క సంతకం పెట్టు, చాలు" అని ఊచల్లోంచి కాగితం అందించింది.

పాప తల్లి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆమె చూపు కాగితం మీద లేదు, టోకెన్ మేడం చంకలో ఉన్న నల్ల గొడుగు మీద ఉంది.

"'వాన పడుతోంది, నువ్వు తడవకు నాన్నా, ఒక్క సంతకం పెట్టి ఇప్పుడే వస్తా' అని వాళ్ళబ్బాయి ఈ గొడుగు ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్ళాడక్కా, అక్కడ, మా దేశంలో."