జవాబు రాని కామెంట్లు

రిటైరైన ఫారెస్టు ఆఫీసరు రంగనాయకులు బ్లాగులో తన నల్లమల జ్ఞాపకాలు రాస్తుంటాడు. తేనె దొంగతనం చేస్తున్న ఒక చెంచు మనిషిని పట్టుకుని బుద్ధి చెప్పానని, పేరుతో సహా గొప్పగా రాశాడు. ఆ మనిషి గిద్దలూరులో ఉండే మంగకు తండ్రి.

"మా నాయన దొంగ కాదు. నువ్వు కొడితే చెయ్యి విరిగి, మళ్లీ చెట్టెక్కలేక, ఆకలితో చచ్చిపోయినాడు" అని మంగ కింద కామెంటు పెట్టింది. జవాబు రాలేదు.

అప్పటినుంచి ఆయన ఏం రాసినా కింద ఆమె కామెంటు ఉండేది. ప్రతిదాని లింకూ ఫోన్‌లో దాచుకుంది. జవాబిచ్చాడా, తీసేశాడా అని పొద్దున లేవగానే చూసుకునేది. ఒక్కటీ తీసేయలేదు. చదివి కుమిలిపోతున్నాడనుకుని తృప్తిపడేది.

ఒకరోజు జవాబు వచ్చింది.

"అక్కా, నేను ఆయన కూతుర్ని. నాన్నకు చూపు పోయింది. ఆయన చెబితే నేను టైపు చేస్తాను. ఆ బ్లాగు చదివేది మీరొక్కరే. మీ తిట్లు వినిపించలేక, మంగగారు మెచ్చుకున్నారని చెబుతున్నాను. పొంగిపోతున్నారు. క్షమించండి."

మంగకు ఒళ్లు మండిపోయింది. బ్లాగులో ఉన్న ఆయన చిరునామా పట్టుకుని మర్నాడే మార్కాపురం బస్సెక్కింది.

మంగ పేరు వినగానే ఆయన కూతురు గుమ్మంలోనే చేతులు జోడించింది. లోపలినుంచి ముసలాయన, "మంగమ్మా, రా తల్లీ! నీ మాట వినందే నాకు అన్నం సయించదు" అన్నాడు.

మంగ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. మొదటి లింకు తెరిచింది.

"నేను రాసింది మీ పాప సరిగా చదవలేదు సార్. ఈ తూరి నేనే చదువుతా, వినండి."