ల్యాప్‌టాప్‌కు ప్రార్థన

"ముందు ఆ పెట్టె మూసెయ్యే, చెప్తాంటే నీక్కాదూ!" గడప అవతలి నుంచే అరిచింది కరుణమ్మ. లోపలికి పోదామంటే భయం.

చూపు లేని ఆమె కూతురు రూబీ, మార్కాపురంలో ట్రైనింగు ఇచ్చినవాళ్లు చేతికిచ్చి పంపిన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. తెర నల్లగా ఉంది. లోపల మాత్రం వెనక కుక్క తరుముతున్నట్టు ఎవరో గడగడా మాట్లాడుతున్నారు. తెలుగో, ఇంగ్లీషో, ఏ లోకపు భాషో! రూబీ తలాడిస్తోంది, పైగా నవ్వుతోంది.

"అమ్మా, ఆ గొంతు దీంట్లో ఉండేది నాకు చదివి చెప్తాది. తెర నాకెందుకని ఆర్పేసినా. అంతే."

"మరి నాకు ఒక్క ముక్క అర్థం కాదేందే?"

"స్పీడు పెంచుకున్నా. మెల్లగా వింటా కూర్చుంటే పొద్దుగూకుతాది. సోమవారం ఉద్యోగం పరీక్ష దీంట్లోనే రాయాల."

కరుణమ్మకు బుర్ర తిరిగిపోయింది. ప్రార్థన మందిరంలో పరిశుద్ధాత్మ దిగినవాళ్లు అన్యభాషలు మాట్లాడతారు, అది దేవుడి పని. పెట్టె మాట్లాడితే ఎవరి పని? సంతోషపడాలో భయపడాలో ఆమెకు తేలలేదు.

పక్కింటి యేసుమణి తేల్చేసింది. "అది మంచిది కాదక్కా. ఇచ్చినోళ్లకే ఇచ్చెయ్."

"ఇచ్చేస్తే నా పరీక్ష?" రూబీ పెట్టెను ఒళ్లోకి లాక్కుంది.  ఏదైనా అయ్యగారే చెప్పాలని కరుణమ్మ పాస్టరు వరప్రసాదంగారికి కబురు పెట్టింది.

ఆయన వచ్చి, మంచం మీద కూర్చుని, ఆ గడగడంతా ఓపిగ్గా విన్నారు.

"నీకిది నిజంగా అర్థమవుతాందా తల్లీ?"

"అవుతాంది అయ్యగారూ. ఉండండి, మెల్లగా పెడతా."

రూబీ ఏదో నొక్కింది. పరుగు ఆగి మాటలు విడివిడిగా వినపడ్డాయి. కురిచేడు మీదుగా పోయే రైలు గంట ఆలస్యమట.

"ఓసినీ, తెలుగేనా!" నోరు తెరిచింది కరుణమ్మ.

"దయ్యానికి తెలుగు రాదని ఎవరు చెప్పినారు?" అంది యేసుమణి. కరుణమ్మ భయం మళ్లీ మొదటికొచ్చింది.

వరప్రసాదంగారు మంచం మీంచి లేచారు. "మీరిద్దరూ బయటికి పోండి. నేను ప్రార్థన చెయ్యాల" అన్నారు.

కరుణమ్మ, యేసుమణి బయటికి రాగానే తలుపు మూసుకుంది. అయ్యగారు పెట్టెను ఉంచమంటారా, పొమ్మంటారా? కరుణమ్మ తలుపుకు చెవి ఆనించింది. ప్రార్థన వినపడలేదు. చాలాసేపటికి అయ్యగారి గొంతు సన్నగా వినిపించింది.

"ఇది బైబిలు వాక్యం గూడా చదివి పెడతాదా తల్లీ? ఏడాదిగా నాకు అక్షరాలు కనపడ్డం లేదు."