ఒక్కరే మాట్లాడాలి

మైకు పోయింది.

హాస్టల్ మెట్ల మీద నిలబడి మాట్లాడుతున్న అమ్మాయి దాన్ని తట్టింది, ఊదింది. లాభం లేకపోయింది. కింద కూర్చున్న విద్యార్థులు ఒక్కొక్కరే లేచి బట్టలు దులుపుకోసాగారు.

కాలేజీలో ఆమెను అందరూ మైకురాణి అంటారు. ఎవరైనా మత్తుమందు ఎక్కువై పడిపోతే, అంబులెన్స్‌కు ఫోన్ చేసినవాళ్ళను కూడా కాలేజీలోంచి తీసేసే నిబంధన ఒకటుంది. దాన్ని మార్పించాలని ఏడాదిగా గొంతు చించుకుంటోంది. సంఘం పెట్టింది ఆమే, పోస్టర్లు అతికించింది ఆమే, ప్రిన్సిపాల్ చేత చీవాట్లు తిన్నదీ ఆమే.

"ఒక్క నిమిషం" అంటూ వెనక వరసలోంచి ఒకతను లేచాడు. ముప్పై దాటిన మనిషి. ఆ ఏడే ఫస్టియర్‌లో చేరాడు.

"మీ రూమ్మేటు కింద పడున్నాడు. ఊపిరి సరిగా ఆడట్లేదు. ఫోన్ మీ చేతిలోనే ఉంది. చేస్తారా?"

లేచినవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"చేస్తే మర్నాడు నా పెట్టె గేటు బయట ఉంటుంది" అన్నాడొకడు, తలెత్తకుండా.

"అదీ సంగతి. ఆ అమ్మాయి చెప్తున్నదీ అదే. కూర్చుని వినండి."

లేచినవాళ్ళంతా కూర్చున్నారు.

ఆమె సంతోషించాలి. ఒళ్ళు మండింది. అంతసేపూ తను చెప్పిందాన్ని అతను నాలుగు ముక్కల్లో తేల్చేశాడు మరి!

ఆ రోజు నుంచి అతను అందరికీ బాబాయ్ అయిపోయాడు.

"బాబాయ్ రాలేదా?" అని అడగనివాళ్ళు లేరు. సంతకాలకు వచ్చినవాళ్ళు ఆమె ముందు ఓ గీత గీకేసి, అతని పక్కన చేరి కబుర్లు పెట్టుకునేవారు. "మత్తుపదార్థాల విధానంలో మానవీయ సంస్కరణలు" అని ఆమె రాసిన పోస్టరు కింద, అతను చిన్నగా "ముందు ప్రాణం, తర్వాతే శిక్ష" అని రాశాడు. కాలేజీ అంతా ఆ చిన్న అక్షరాలనే పట్టుకుంది.

ఇంతలో పాలకమండలి నుంచి పిలుపొచ్చింది. విద్యార్థుల తరఫున ఒక్కరే మాట్లాడాలి.

"ఇంకెవరు? బాబాయే" అంది రూమ్మేటు, జడ వేసుకుంటూ. "నువ్వేమీ అనుకోవుగా?"

"నేనేమనుకుంటానే! కాకపోతే... ఆ వయసులో ఫస్టియర్‌లో ఎందుకు చేరాడంటావ్? మన పేర్లన్నీ అతనికి తెలుసు. పోలీసుల మనిషైతే?"

జడ అల్లుతున్న చేతులు ఆగిపోయాయి.

తనన్నది అబద్ధమని మైకురాణికి తెలుసు. అయినా ఆ మాటను వెనక్కి తీసుకోలేదు.

మర్నాటికల్లా అది క్యాంటీన్ దాకా పాకింది. అతను టీ గ్లాసుతో వచ్చి కూర్చోగానే, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయారు. దూరం నుంచి చూస్తున్న ఆమెకు సిగ్గేసింది. కానీ అంతకంటే ఎక్కువగా కడుపులో చల్లగా అనిపించింది.

సాయంత్రం అతనే ఆమె దగ్గరికి వచ్చాడు.

"నువ్వు కూడా నమ్ముతున్నావామ్మా?"

"నాదేముంది బాబాయ్. నలుగురూ అంటున్నారు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. కనిపెట్టేశాడేమోనని ఆమె చూపు తిప్పుకుంది.

"నేనుంటే నీ పని చెడుతుంది. రానులే" అన్నాడు. "వాళ్ళెంత రెచ్చగొట్టినా కోపం తెచ్చుకోకు. నువ్వు బాగా మాట్లాడతావు."

మళ్ళీ సమావేశాల వైపు రాలేదు.

పాలకమండలి ముందు ఆమె నిజంగానే బాగా మాట్లాడింది. ఒకరిద్దరు తలలూపారు కూడా.

కొత్తగా వచ్చిన అధ్యక్షుడు కళ్ళజోడు తీశాడు.

"అంతా బాగుందమ్మా. మత్తుమందు వాడినవాళ్ళనే తీసేశామని మా రికార్డుల్లో ఉంది. సాయం చేయబోయి అన్యాయమైపోయినవాళ్ళు మన కాలేజీలో ఎవరున్నారు? ఒక్కరిని చూపించు, చాలు."

"భయపడి ఫోన్ చెయ్యనివాళ్ళు ఎంతమందో ఉన్నారు సార్!"

"చేసినవాళ్ళను అడుగుతున్నాను."

ఆమె చేతిలోని సంతకాల కాగితాలు తిరగేసింది. అలాంటివాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

"ఎవరూ లేనప్పుడు మార్చడం దేనికి?"

నిబంధన అలాగే ఉండిపోయింది.

బయట వరండాలో, భుజం మీద నిద్రపోతున్న పాపతో ఒకాయన నిలబడి ఉన్నాడు.

"అయిపోయిందా అమ్మా? వాడు మాట్లాడాడా? మీరంతా బాబాయ్ అంటారట కదా, వాడు."

"ఆయన రాలేదండీ. మీరు?"

ఆయన ముఖం వాడిపోయింది.

"రాలేదా! నన్ను సాక్ష్యానికి రమ్మన్నవాడు, మొన్న ఫోన్ చేసి వద్దన్నాడు. మనసొప్పక వచ్చాను. ఆ సంగతి ఒక్కసారే, ఈ పెద్దల ముందే చెప్తానని ఇన్నాళ్ళూ దాచుకున్నాడమ్మా."

"ఏ సంగతి?"

ఆయన పాపను రెండో భుజానికి మార్చుకున్నాడు.

"ఈ హాస్టల్లోనే నేను మత్తెక్కువై పడిపోతే, ఏ మత్తూ ముట్టనివాడు అంబులెన్స్‌కు ఫోన్ చేసి నన్ను బతికించాడు, ఆ ఫోన్ చేసినందుకే నాతోపాటు వాడినీ తీసేస్తే, ఆగిపోయిన చదువు ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి చదువుకుంటున్నాడు."