పాప వెన్నులో నీటితిత్తి

పాప వెన్నుపాములో నీటితిత్తి ఉందన్న విషయంలో పెద్ద డాక్టర్లిద్దరికీ పేచీ లేదు. పేచీ అల్లా దాని కొలత దగ్గరే.

“మూడు మిల్లీమీటర్లు. ఆర్నెల్లాగి మళ్లీ స్కాన్ తీద్దాం” అన్నాడు స్కాన్ల డాక్టరు, లైటుపెట్టె మీది ఫిల్మును వేలితో కొడుతూ.

“అయిదు. ఎల్లుండే ఆపరేషన్” అన్నాడు సర్జన్. కంటికి కనిపించిందల్లా కోస్తే గానీ ఆయనకు నిద్ర పట్టదు.

ఎమ్మారై తీసే టెక్నీషియన్ గుమ్మం దగ్గర నిలబడి నవ్వాపుకుంటున్నాడు. వీళ్లిద్దరూ ఒక మాట మీద ఉండగా పన్నెండేళ్లలో చూసిన పాపాన పోలేదు.

పాప తల్లి కుర్చీ అంచున కూర్చుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

“డాక్టరుగారూ, కోస్తే నడుస్తుందా? కొయ్యకపోతే నడుస్తుందా?”

ఇద్దరూ మళ్లీ ఫిల్ము మీదికి వంగారు.

ఏడేళ్ల పాప మాత్రం నేల మీది గళ్లలో ఒంటికాలితో గెంతుతోంది. వీపు కాస్త వంకరగా ఉందని బళ్లో టీచరు అంటే తీసుకొచ్చారు.

“ఎముకలు చూశారా? వయసుకు మించిన ఎదుగుదల. ఈ జబ్బు లక్షణమే అది” అన్నాడు సర్జన్.

“నేనూ రిపోర్టులో అదే రాశాను” అన్నాడు స్కాన్ల డాక్టరు.

టెక్నీషియన్ నవ్వు ఆగిపోయింది. పక్క గదిలోకి వెళ్లి కంప్యూటర్ తెరిచాడు. ఆ ఫిల్ము తీసిన టైము ఎనిమిదీ పది. పాప మిషన్‌లోకి వెళ్లింది పదింటికి. పాప బొమ్మలు ఇంకో పేరు కింద పడి ఉన్నాయి. పేర్లు తారుమారు చేసింది తనే.

చెబితే ఉద్యోగం ఊడుతుంది. ఊరుకుంటే ఎల్లుండి పాపను కోస్తారు.

పాప అసలు ఫిల్ము తీసుకుని డాక్టర్ల దగ్గరికి వెళ్లాడు.

“సార్, తప్పు నాది. ఆ ఫిల్ము పాపది కాదు. పాపది ఇదీ.”

కొత్త ఫిల్ము లైటుపెట్టె ఎక్కింది. వెన్ను కాస్త ఒరిగిందంతే. లోపల తిత్తీ లేదు, గిత్తీ లేదు.

“నాకు మొదట్నుంచీ అనుమానమే. అంతలేసి ఎముకలు పిల్లలకెక్కడుంటాయి?” సర్జన్ ప్లేటు ఫిరాయించాడు.

“ఆర్నెల్లాగుదామని నేనన్నది అందుకే కదా” అన్నాడు స్కాన్ల డాక్టరు.

నీ సంగతి రేపు తేలుస్తామని టెక్నీషియన్‌ని చెరో మాటా అనేసి, ఇద్దరూ కలిసి కాఫీకి వెళ్లారు.

తల్లి అతని చేతులు పట్టుకుంది. “నూరేళ్లు చల్లగా ఉండాలన్నయ్యా మీరు.”

పాప గెంతడం ఆపింది. “మరి ఆ నీళ్ల బుడగ ఎవరిది, ఫొటో మామయ్యా?”

డాక్టర్లిద్దరికీ తట్టని ప్రశ్న అది.

అతను పాత ఫిల్మును కవర్లో పెట్టుకున్నాడు. పొద్దున ఎనిమిదింటికి, మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామని, లోపల పడుకున్నది అతనే.