పడిన రాయి

ఇంకాస్త ఇటు జరగండి. ఆ కిటికీ తలుపు కూడా వేసి రండి. కొండ మీంచి గాలి కొడుతుంటే ఈ కథ సగమే వినపడుతుంది.

ఇసోకిచి నారింజ తోట రైతు. తోటలో కన్నా కొండ మీద పాత రాతి గనుల్లోనే ఎక్కువ తిరిగేవాడు. నాలుగు వందల ఏళ్ల కిందట దేశాన్నేలిన సేనాపతి షోగున్ కోట గోడకి రాళ్లు ఆ కొండలోనే కొట్టి ఓడలకెక్కించారు. కోట పూర్తయ్యాక మిగిలినవి అక్కడే ఉండిపోయాయి. ఏ ప్రభువు మనుషులు కొట్టిన రాయి మీద ఆ ప్రభువు గుర్తు చెక్కి ఉంటుంది. ఇసోకిచి పొదలు నరికి, నాచు గీకి, కాగితం పరిచి, సిరా అద్ది, ఆ గుర్తుల అచ్చులు తెచ్చేవాడు. ఇంట్లో తలుపుల నిండా అవే.

“పడుకుంటే రాళ్లు, లేస్తే రాళ్లు. నన్ను కూడా ఆ కొండలోనే కొట్టుకొచ్చావా ఏం?” అనేది భార్య ఫుసాయె.

“నిన్నయితే అక్కడే వదిలేసేవాళ్లు. మొయ్యలేక,” అనేవాడు.

ఒక్క గుర్తు మాత్రం అతనికి చిక్కలేదు. రాళ్లు ఈడ్చిన బాట మలుపులో ఓ పెద్ద రాయి ఉంది. ఆనాడు మోకు తెగి పడిపోయిందది. కోటకి వెళ్లే రాయి దారిలో పడితే మళ్లీ ఎత్తరు. పడిన రాయిని గోడలో పెడితే కోటే పడుతుందని భయం. ఊళ్లో ఆ భయం ఇంకా పోలేదు. దాన్ని ఎవరూ తాకరు. కన్నెత్తి చూడరు. పరీక్షకి వెళ్లే పిల్లలైతే ఆ బాటే తొక్కరు. మిగతావాళ్లు అక్కడికి రాగానే తలగుడ్డ మొహం మీదికి లాక్కుని గబగబా దాటేస్తారు. గుర్తు చెక్కిన వైపు నేలకి కరుచుకుని పడిందని తాతల నాటి మాట.

“మొన్నటి వానలకి దాని కింద మట్టి కోసుకుపోయింది. సందులో చెయ్యి పెడితే గీతలు తగులుతున్నాయే!” అన్నాడు ఇసోకిచి ఓ రోజు అన్నం తింటూ.

ఫుసాయె గరిటె కింద పెట్టేసింది. “ముట్టుకున్నావా? కొడుకు పడవ మీద ఉన్నాడు, నీకు మతి ఉందా?”

“సరే, ఇక ముట్టుకోనులే.”

“ఒట్టు?”

“ఒట్టు. పులుసు పొయ్యి.”

ఆ మర్నాడు కొండెక్కినవాడు తిరిగి రాలేదు.

ఊరు ఊరంతా వెతికింది. అగ్నిమాపక దళం పెద్ద గెంగో ముందు నడిచాడు. పాత గుంతలన్నీ గాలించారు. కొండ కొమ్ము కింద, సముద్రపు ఒడ్డున అతని గడ్డి టోపీ దొరికితే నీళ్లలో వలలు వేశారు. ఇంట్లో గునపం కూడా కనపడలేదు. వెతికేవాళ్లెవరో పట్టుకెళ్లారనుకుంది ఫుసాయె.

మలుపు దగ్గరికి రాగానే అందరికీ వినపడింది. టక్. టక్. టక్. ఇనుము రాతికి తగిలే చప్పుడు. నేలలోంచి వస్తున్నట్టుంది.

“ఎవరూ పలకొద్దు!” అన్నాడు గెంగో. “ఆనాడు చచ్చిన రాతిపనివాళ్లు. పలికామా, మనల్నీ పనికి పిలుస్తారు.”

ఫుసాయె చేతులు జోడించింది. “మా ఆయన్ని పిలిచింది మీరే కదా! వదిలెయ్యండయ్యా. నారింజలు ఎన్ని కావాలన్నా పంపుతాను. ఆయనకి నడుం నొప్పి, రాళ్లు మొయ్యలేడు.”

“పద వదినా, ఇక్కడ నిలబడకూడదు,” అని గెంగో ఆమె చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు. వెనకవాళ్లు మొహాలు కప్పుకునే నేల మీద బియ్యపు సారా చిలకరించి దాటిపోయారు.

మర్నాటికి చప్పుడు ఆగిపోయింది. సారా పుచ్చుకుని శాంతించారని ఊరంతా ఊపిరి పీల్చుకుంది.

టోపీకే దహనం చేసేద్దామన్నాడు గుడి పెద్ద. ఫుసాయె ఒప్పుకోలేదు. ఒక్క ఎముకైనా చేతికొస్తేనే సమాధి అంది. ఏటా అదే రోజు ఆ మలుపుకి వెళ్లేది. రాయికి వీపు తిప్పి కూర్చునేది. సముద్రపు నాచు చుట్టిన అన్నం ముద్ద సగం తిని, సగం వెనక్కి చూడకుండా భుజం మీంచి పెట్టేది.

“అయ్యా, మీ పని అయిపోతే మా ఆయన్ని ఇంటికి పంపించండి,” అని రాతిపనివాళ్లని వేడుకునేది.

అలా చాలా ఏళ్లు గడిచాయి. ఈ ఏడు కోడలు కిరికో తోడు వెళ్లింది. ఉత్తరాన దూరపు దీవి పిల్ల, వాగుడుకాయ.

“ఇదేం మర్యాద అత్తయ్యా! అన్నం పెడుతూ వీపు చూపిస్తారా?”

“నోరు ముయ్యి. మొహం కప్పుకో.”

“మామయ్య అంత తపించింది ఈ రాయి గుర్తు కోసమేనా?”

“దీని కోసమే. అది కింది వైపుండిపోయింది. ఏ ప్రభువుదో ఎవరికీ తెలీదు. అటు చూడకు, ఇటు తిరుగు!”

కిరికో తిరగలేదు. ఫుసాయె వీపు వెనక ఎండుటాకులు తోస్తున్న చప్పుడైంది. చేత్తో నాచు గీకుతున్న చప్పుడైంది.

తర్వాత కోడలు అన్న మాట బాగా గుర్తుపెట్టుకోండి. రేపు మీరు ఇంకొకరికి ఈ కథ చెప్పేటప్పుడు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పి, అక్కడితో ఆపేయండి.

“కింద ఎక్కడత్తయ్యా, సున్నాలో మూడు గీతలు, ఇదిగో పైనే ఉందిగా!”