ఆదివారం మాత్రలు

పెద్దమ్మను చంపే పనిలో కూడా ఇయాకోపో అశ్రద్ధ చేయదలచుకోలేదు. అపియా పట్నంలో నర్సింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. మందుల పరీక్షలో ఏటా అతడే ఫస్టు.

మందు ఇచ్చే ముందు ఐదు సరిచూసుకోవాలని పాఠం. సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన వేళ, మందు ఒంట్లోకి వెళ్ళే సరైన దారి. నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేస్తాడు. వార్డులోంచి నిద్రమాత్రలు జేబులో వేసుకొచ్చి అమ్ముకునేటప్పుడు మాత్రం ఏ పాఠమూ గుర్తురాలేదు, పాపం.

ఆ మాత్రలు మటాలేనా పెద్దమ్మ కంటపడ్డాయి. తల్లి లేనివాణ్ణి పెంచి, చాపలల్లి చదివించిన మనిషి.

"ఆదివారం చర్చి కాగానే ఆస్పత్రి మేట్రన్ దగ్గరికెళ్ళి ఒప్పుకో. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా" అంది.

చెబితే చదువు గోవిందా, ఆపైన జైలు.

పెద్దమ్మకు గుండె జబ్బు. వారానికి సరిపడా మాత్రలు ఏడు గదుల డబ్బాలో సర్దిపెట్టేది ఇయాకోపోనే. ఎంత బాధ్యత గల పిల్లాడో! శనివారం సాయంత్రం ఆదివారం గదిలోని మాత్రలు తీసేసి, అచ్చం అలాగే కనిపించే, ఏ గుండెనైనా ఆపేసేంత బలమైనవి పెట్టాడు. మోతాదు రెండుసార్లు లెక్కకట్టాడు. జాగ్రత్త మంచిదని మూడోసారి కూడా చూసుకున్నాడు.

రోగి మింగేదాకా పక్కనుంచి కదలకూడదని కూడా పాఠంలో ఉంది. కానీ తల్లిలాంటి మనిషి కళ్ళలోకి అంతసేపు చూసే ధైర్యం అతడికి చాలలేదు. ఆదివారం పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని వచ్చి గడప మీద కూర్చున్నాడు.

పెద్దమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది.

"చేతులెందుకురా అలా వణుకుతున్నాయి?"

"ఏం లేదు పెద్దమ్మా. గుండె దడ. నిద్ర చాల్లేదు."

"నీ వయసులో దడేమిట్రా! ఉండు, కోకో తెస్తా."

కాసేపటికి వేడి కోకో తెచ్చిచ్చింది. ఎప్పటిలాగే సరిగా నలగని కోకో గింజల పలుకులు పంటి కింద తగిలాయి. ఇయాకోపో ఆఖరి చుక్క దాకా తాగాడు. హంతకుడికైనా ఆకలి ఆకలే మరి.

"మాత్రల సంగతి?" అన్నాడు, వీలైనంత ప్రేమగా.

"గది ఖాళీ చేసేశాన్రా, చూసుకో."

డబ్బా తెరిచి చూశాడు. ఆదివారం గదిలో ఏమీ లేదు. ప్రాణం కుదుటపడింది. ఐదింటికి ఐదు మార్కులూ తనకు తానే వేసేసుకున్నాడు.

పెద్దమ్మ చర్చి టోపీ సర్దుకుంటూ వచ్చి, పక్కన కూర్చుని, అతడి తల నిమిరింది.

"మేట్రన్‌కి ఏమీ చెప్పనులేరా. దేవుణ్ణి అడిగా, క్షమించెయ్యమన్నాడు. తప్పు చేసినందుకు గుండె అంతలా కొట్టుకుంటోందంటే నువ్వు మంచివాడివే. నా దడ తగ్గేది ఆ మాత్రలతోనే కదా, అందుకే ఇవాళ్టివి నేను వేసుకోకుండా, మెత్తగా నూరి నీ కోకోలో కలిపేశా."